పొద్దుగూకితే పడుకునే రిమోట్

"ఏరా, నీ రిమోటు సాయంత్రమైతే పడుకుంటోందిరా" అని జనవరి చివర్లో నాన్న ఫోన్ చేశాడు. "నీ" రిమోటు అన్నాడు చూడండి. పని చేసినన్నాళ్ళూ అది మన రిమోటు, ఇంటికి చుట్టాలొస్తే "మావాడు చేశాడు" అని నొక్కి చూపించే రిమోటు. మొండికేసిన రోజు నుంచి నాది.

నేను హైదరాబాదులో, అమ్మానాన్నలు గుంటూరులో. రెండేళ్ళ కిందట ఆ ఇంట్లో చిన్న ఆటోమేషన్ పెట్టాను. హాల్లో టీవీ అరలో ఒక రాస్ప్‌బెర్రీ పై, అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు, దాని మీద ఇంట్లో సామాన్లని నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్. బోరు మోటారు, గేటు లైటు, వరండా లైటు, పెరటి లైటు, ఈ నాలుగే దాని కింద ఉంటాయి. మొదట ఫోన్‌లో యాప్ వేసి ఇచ్చాను. నాన్న ఒక వారం వాడి, "ఫోను తీసి, కళ్ళజోడు వెతుక్కుని, వేలిముద్ర పట్టించి, ఇది తెరిచేలోపు ట్యాంకు పొంగిపోతుందిరా" అని తేల్చేశాడు. నిజమే కదా, గోడకున్న స్విచ్చి కంటే కష్టమైన ఆటోమేషన్ ఎవరికి కావాలి? అందుకని కారు తాళం లాంటి నాలుగు బటన్ల రిమోట్ ఒకటి కొని ఇచ్చాను. "ఏ" మోటారుకి, బీ గేటు లైటుకి, సీ వరండాకి, డీ పెరటికి. దాన్ని మొలతాడుకి కట్టుకోలేదు కానీ దాదాపు అంత పనీ చేశాడు, ఎప్పుడూ బనీను జేబులోనే ఉంటుంది.

ఆ రిమోట్ చేసే పని చాలా చిన్నది. లోపల ఈవీ1527 అనే చిప్ ఉంటుంది, బటన్ నొక్కితే 433.92 మెగాహెర్ట్జ్ దగ్గర 24 బిట్ల నంబరు ఒకటి గాల్లోకి వదులుతుంది. అందులో 20 బిట్లు ఆ రిమోట్ సొంత నంబరు, మిగతా నాలుగు ఏ బటనో చెప్పేవి. నొక్కి పట్టుకున్నంత సేపూ అదే నంబరు మళ్ళీ మళ్ళీ పోతూనే ఉంటుంది. హాల్లో ఒక చిన్న రిసీవర్ బోర్డు దాన్ని విని, పక్కనున్న ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డుకి అందిస్తుంది, అందులోని సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎంక్యూటీటీగేట్‌వే ఆ నంబరుని వైఫై మీదుగా హోమ్ అసిస్టెంట్‌కి పంపుతుంది, అది రిలేని (చిన్న కరెంటుతో నడిచే స్విచ్చి), రిలే కాంటాక్టర్‌ని (భారీ కరెంటు తట్టుకునే పెద్ద స్విచ్చి), కాంటాక్టర్ మోటారుని కదిలిస్తాయి. (మోటారుని నేరుగా ఆ చిన్న నీలం రిలేకి తగిలించే వాళ్ళున్నారు. దయచేసి వద్దు, ఒక హార్స్‌పవర్ మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుకి దాని కాంటాక్టులు అతుక్కుపోతాయి, అప్పుడు రిమోటూ ఆపలేదు, దేవుడూ ఆపలేడు.)

ఇన్ని చేతులు మారుతుంది కాబట్టి "రిమోట్ పని చేయట్లేదు" అన్న మాటకి అర్థం ఏమైనా కావచ్చు. హైదరాబాదు నుంచి లాగిన్ అయి లాగ్ (ఏ నంబరు ఎప్పుడొచ్చిందో రాసుకునే చిట్టా) తెరిచాను. పొద్దున 5:40కి "ఏ" బటన్ నంబరు శుభ్రంగా వచ్చి కూర్చుంది. మధ్యాహ్నం ఒకసారి వచ్చింది. సాయంత్రం నాన్న పదిహేనుసార్లు నొక్కానన్న సమయంలో ఒక్క నంబరు కూడా లేదు. అదే సమయంలో నేను యాప్‌లో నొక్కితే మోటారు టక్కున ఆన్ అయింది. అంటే రిలే, కాంటాక్టర్, వైఫై, హోమ్ అసిస్టెంట్ అన్నీ నిర్దోషులే. నంబరు అసలు చెవిన పడట్లేదు, అంతే. రిమోట్‌కీ రిసీవర్‌కీ మధ్యనున్న గాలిలో ఏదో జరుగుతోంది.

"బ్యాటరీ మార్చు నాన్నా" అన్నాను. అందరూ మొదట అనేది అదే. "మార్చానురా, కొత్తదే వేశా" అన్నాడు. మార్పు లేదు. సరే బ్యాటరీ కాదు అని గీత కొట్టేశాను. ఇది నా మొదటి తప్పు, దాని సంగతి కాసేపట్లో.

తర్వాత రెండు వారాలు నేను చేసిన పనులు రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. రూటర్ ఛానెల్ మార్చాను, రూటర్‌కీ 433 మెగాహెర్ట్జ్‌కీ ఏ సంబంధమూ లేదని తెలిసి కూడా, చేతులు ఊరుకోక. రోజూ సాయంత్రం ఐదున్నరకి ఈఎస్‌పీ32 దానంతట అదే రీస్టార్ట్ అయ్యేలా పెట్టాను, సాయంత్రానికి అలిసిపోతుందేమో అన్నట్టు. ఈలోపు ఒకరోజు మోటారు ఆన్ చేశాక రిమోట్‌తో ఆగలేదు. ఏం చేసినా ఇరవై అయిదు నిమిషాలకి ఆగిపోయేలా ఒక టైమర్ పెట్టి ఉంచాను కాబట్టి మోటారు బతికింది, కానీ మా ట్యాంకు పద్దెనిమిది నిమిషాల్లో నిండుతుంది. ఆ మిగతా ఏడు నిమిషాల నీళ్ళు పక్కింటి వాళ్ళ గోడ మీదుగా ఆరేసిన మినప వడియాల మీద పడ్డాయట. అమ్మ ఫోన్ చేసి వడియాల సంగతి మాత్రమే చెప్పింది, మిగతాదంతా ఆమె గొంతులోనే ఉంది.

ఫిబ్రవరి రెండో శనివారం ముందు రాత్రి బస్సెక్కాను.

పొద్దున్నే దిగి, కాఫీ తాగి, రిమోట్ తీసుకుని గేటు దగ్గరికెళ్ళి నొక్కాను. పని చేసింది. రోడ్డు దాటి నొక్కాను, పని చేసింది. నాన్న వరండాలో కుర్చీలో కూర్చుని "పొద్దున బానే ఉంటుందని చెప్తూనే ఉన్నాగా" అన్నట్టు చూస్తున్నాడు. పగలంతా చేసేదేముంది, సాయంత్రం వరకు ఆగాలి కదా, ఈలోపు అనుమానం ఉన్నవన్నీ చూద్దామని రిమోట్ విప్పాను.

బ్యాటరీ 27ఏ అనే రకం, పన్నెండు వోల్టులది, చిటికెన వేలి గోరంత లావుంటుంది. మల్టీమీటర్ పెడితే 11.3 చూపించింది. పర్లేదే అనుకుని, ఎందుకో మీటర్ తీగలు అలాగే ఆనించి పట్టుకుని బటన్ నొక్కాను. అంకె 11.3 నుంచి జారి 7.9 దగ్గర ఆగింది. వదిలితే మళ్ళీ మెల్లగా పైకి. ఖాళీగా కొలిస్తే చచ్చిన బ్యాటరీ కూడా బతికున్నట్టే కనపడుతుంది, పని చెప్పినప్పుడే దాని సంగతి తెలుస్తుంది. "కొత్తది వేశానన్నావు?" అంటే నాన్న టేబుల్ సొరుగు లాగి చూపించాడు. అందులో ఓ డజను బ్యాటరీలు. మా ఇంట్లో ఏదీ పారేయరు. పాత బ్యాటరీ తీసి, ఎప్పుడైనా పనికొస్తుందని అదే సొరుగులో వేసి, అదే సొరుగులోంచి "కొత్తది" తీసి వేశాడన్నమాట. ఏది కొత్తదో ఏది పాతదో ఆ సొరుక్కి మాత్రమే తెలుసు.

కిరాణా కొట్టు నుంచి నిజంగా కొత్తది తెచ్చి వేశాను. ఇదే కారణం అయ్యుంటుందని ఆశ పడ్డాను కూడా, ఎందుకంటే బస్సులో వస్తూ నేను ఊహించుకున్న భయంకరమైన కారణాల కంటే ఇది చాలా చవక.

అలాగే రిసీవర్ వైపు కూడా చూశాను. రెండేళ్ళ కిందట నేను చేసిన పని నాకే నచ్చలేదు. యాంటెన్నా అని చెప్పి ఒక జంపర్ వైరు తగిలించి, మిగిలిన పొడుగంతా చుట్ట చుట్టి అరలో తోసేశాను. 433.92 మెగాహెర్ట్జ్‌కి తరంగం పొడవు 69 సెంటీమీటర్ల చిల్లర, అందులో నాలుగో వంతు అంటే 17.3 సెంటీమీటర్లు, యాంటెన్నా తీగ అంతే ఉండాలి, నిటారుగా ఉండాలి. పొడుగెక్కువైతే ఇంకా బాగా వినపడుతుందనుకోవడం మన ఆశ, ఫిజిక్స్ కాదు. పైగా రిసీవర్ బోర్డుని ఐదు వోల్టుల అడాప్టర్‌కి ఆనించి పెట్టాను, సెట్‌టాప్ బాక్స్ దాని నెత్తిన ఉంది. స్కేలు పెట్టి సింగిల్ స్ట్రాండ్ తీగ 17.3 సెంటీమీటర్లు కోసి, నిలబెట్టి, టంకం పెట్టి, బోర్డుని అర చివరికి జరిపాను. ఇప్పుడు రోడ్డు దాటి, ఆ పక్క సందు మొదట్లోంచి నొక్కినా పలుకుతోంది. నాన్నకి చూపించి, కాలరెగరేసి, మధ్యాహ్నం గోంగూర పచ్చడితో పడి తిని నిద్రపోయాను.

సాయంత్రం ఆరూ పదకొండు నిమిషాలకి గేటు దగ్గర నిలబడి నొక్కితే పలికింది. ఆరూ పదిహేనుకి నొక్కితే పలకలేదు.

నాన్న ఏమీ అనలేదు. అది ఇంకా ఘోరం.

గేటు నుంచి ఇంటివైపు నడుస్తూ, ఒక్కో అడుగుకీ నొక్కుతూ వచ్చాను. వరండా మెట్లు, గుమ్మం, హాలు. రిసీవర్‌కి మూడడుగుల దూరంలోకి వచ్చాక అప్పుడు రిలే టక్కుమంది. పగలు సందు చివరి నుంచి విన్న చెవులు, ఇప్పుడు మూడడుగుల్లో అరిస్తే గానీ వినట్లేదు. బ్యాటరీ, యాంటెన్నా కొంత మేలు చేసిన మాట నిజమే, ముందైతే ఆ మూడడుగులు కూడా ఉండేవి కావేమో, కానీ అసలు రోగం అది కాదు.

అప్పుడు చేసిన పని నేను మొదటి రోజే చేయాల్సింది. సంచిలోంచి పాత తీగ ఇయర్‌ఫోన్ ఒకటి తీసి, ఒక చిన్న కెపాసిటర్, ఒక వెయ్యి ఓముల రెసిస్టర్ మధ్యలో పెట్టి, రిసీవర్ డేటా పిన్నుకి తగిలించి చెవిలో పెట్టుకున్నాను. ఈ చవక సూపర్ రీజనరేటివ్ రిసీవర్లు ఊరికే ఉండవు. సిగ్నల్ ఏమీ లేనప్పుడు ఇంకా ఇంకా చెవులు రిక్కించి, వినపడే చెత్తనంతా పెద్దది చేసి బయటికి పంపిస్తుంటాయి. కాబట్టి మామూలుగా అయితే దాంట్లో ఖాళీ టీవీ ఛానెల్ లాగా "హుష్ష్" మని ఒక సన్నటి హోరు వినపడాలి, రిమోట్ నొక్కగానే ఆ హోరు అణిగిపోయి "బర్ర్" మని ఒక కచ్చితమైన మోత రావాలి. నాకు వినపడింది హుష్ కాదు. "గుర్ర్ర్ర్" మని, పాత ట్యూబ్‌లైట్ చోక్ మూలిగినట్టు, ఆగకుండా. రిమోట్ నొక్కితే ఆ గురక వెనకాల ఎక్కడో లీలగా బర్ర్ ఉందీ లేదూ అన్నట్టుంది.

ఆ గురకే ఆధారం. మన కరెంటు 50 హెర్ట్జ్, దాన్ని రెక్టిఫై చేస్తే సెకనుకి వంద పొంగులు. ఒక శబ్దం వంద హెర్ట్జ్ లెక్కన మూలుగుతోందంటే అది ఆకాశంలోంచి ఊడిపడ్డది కాదు, ఎక్కడో గోడ ప్లగ్గుకి వేలాడుతున్న ఎలక్ట్రానిక్ సామాను ఏదో అరుస్తోంది. రిమోట్ గొంతు తగ్గలేదు. దాని పక్కన ఎవరో మైకు పెట్టారు.

ఈఎస్‌పీ32ని పవర్ బ్యాంకు మీదికి మార్చాను, అప్పుడు ఇంట్లో ఏ కరెంటు తీసేసినా నా చెవి మాత్రం వింటూనే ఉంటుంది. నాన్నని ఎంసీబీ బాక్స్ దగ్గర నిలబెట్టి ఒక్కొక్కటీ దించమన్నాను. బెడ్‌రూములు, గురక అలాగే ఉంది. హాలు ప్లగ్గులు, అంటే టీవీ, సెట్‌టాప్ బాక్స్, అడాప్టర్లు, వీటి మీద నాకు బాగా అనుమానం ఉంది, కాస్త తగ్గింది తప్ప పోలేదు. వంటింటిది దించబోతే "పోపు మాడుతుంది, అది ముట్టుకోకండి" అని అమ్మ లోపల్నుంచి కేకేసింది. దాన్ని వదిలేసి తర్వాతిది దించాడు. గురక ఠక్కున ఆగిపోయి చెవిలో హుష్ష్ మని హాయిగా హోరు మొదలైంది. "నాన్నా, అది దేనిది?" "బయట లైట్లది."

ఎత్తితే గురక, దించితే హోరు. నాలుగుసార్లు చేయించాను, నమ్మకం కుదరక కాదు, సంతోషం పట్టలేక.

బయట లైట్లంటే వరండాది, గేటుది. వరండా బల్బు తీసేసినా తేడా లేదు. గేటు దగ్గర చూస్తే నేను పెట్టిన పాత తొమ్మిది వాట్ల బల్బు లేదు, దాని చోట యాభై వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్ లైట్ ఒకటి మిలమిలలాడుతోంది. "ఇదెప్పుడు వేయించావు?" "సంక్రాంతికి. మీ అమ్మ ముగ్గులు తెల్లారగట్ల నాలుగింటికి పెడుతుంది కదా, వెలుతురు చాలట్లేదంటే వేయించా."

ఇక్కడ నా బుర్ర తక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. ఆ గేటు లైటు సూర్యాస్తమయానికి దానంతట అదే వెలిగేలా ఆటోమేషన్ రాసింది నేనే. హోమ్ అసిస్టెంట్‌కి మన ఊరు ఎక్కడుందో చెప్తే ఏ రోజు ఎప్పుడు పొద్దుగూకుతుందో అదే లెక్కేసుకుంటుంది. లాగ్‌లో రిమోట్ నంబర్లూ, గేటు లైటు వెలిగిన వరసా ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి, రెండు వారాలుగా నా కళ్ళ ముందే ఉన్నాయి. వెనక్కి తిప్పి చూశాను. జనవరి చివర్లో రిమోట్ నంబరు రావడం ఆరు దాటగానే ఆగిపోయేది. ఫిబ్రవరిలో ఆరుంబావు దగ్గర పడుతున్నా వస్తోంది. రోజులు పొడుగవుతున్న కొద్దీ చెవుడు రావడం కూడా ఆలస్యమవుతోంది. సూర్యుణ్ణి చూసి నడుచుకునే రోగం ఏముంటుంది, లైటు తప్ప? సాయంత్రం అన్నాడు కాబట్టి సాయంత్రం ఏం మారుతుందని అడగాలి గదా, నేను రూటర్ ఛానెల్ మార్చుకుంటూ కూర్చున్నాను.

ఇదంతా నేను ఆవేశంగా నాన్నకి వివరిస్తుంటే అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "అందుకేనా సాయంత్రమైతే నా రేడియో గరగరమంటోంది?" అంది.

అమ్మకి వంటింట్లో ఒక పాత ట్రాన్సిస్టర్ ఉంది, మీడియం వేవ్ మీద విజయవాడ స్టేషన్, 837 కిలోహెర్ట్జ్, దాని ముల్లు ఆ అంకె మీద నుంచి కదిలి ఎన్నేళ్ళయిందో. "పండగ నుంచీ చెప్తున్నా మీ నాన్నకి, చీకటి పడితే వార్తలు వినపడట్లేదని. రేడియో పాతదైందిలే అన్నారు." పండగ నుంచీ! ఇంట్లో పని చేసే నాయిస్ మీటర్ ఒకటి ఉంది, అది సరైన రిపోర్టు ఇచ్చింది కూడా, ఎవరూ నాకు దాని గురించి చెప్పలేదు, నేనూ దాన్ని అడగలేదు.

ఆ ట్రాన్సిస్టర్ పట్టుకుని పెరట్లోంచి గేటు దాకా నడిచాను. పెరట్లో విజయవాడ చక్కగా వస్తోంది. హాలు పక్క సందులోకి రాగానే గరగర మొదలైంది, గేటు దగ్గర విజయవాడ మునిగిపోయింది. అయితే ఆశ్చర్యమేంటంటే, హాలు గోడకి ఆనించినా గేటు దగ్గర ఉన్నంత మోతా ఉంది. గేటు లైటుకి పోయే తీగ హాలు గోడ బయట క్లాంపులు కొట్టి లాగారు, సరిగ్గా టీవీ అర వెనక నుంచి. అంటే అరిచేది గేటు దగ్గరి లైటైనా, పదిహేను మీటర్ల తీగ ఆ అరుపుని మోసుకొచ్చి నా రిసీవర్ చెవిలో ఊదుతోంది. మీడియం వేవ్‌లో గరగరమన్నది 433లో కూడా గరగరమనాలని రూలేమీ లేదు, కానీ లైటు లోపల ఎల్ఈడీలకి కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్‌కి బొత్తిగా ఫిల్టర్ లేకపోతే అది రెండు చోట్లా ఉమ్మేస్తుంది, ఏ వైపు వెతకాలో చెప్పడానికి ఇంతకంటే చవకైన పరికరం లేదు. రాత్రి లాప్‌టాప్‌కి ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ తగిలించి కూడా చూశాను, ఒకప్పుడు టీవీ చూడటానికి వచ్చిన డాంగిలే అది, ఇప్పుడు నాలాంటి వాళ్ళు గాల్లో ఏముందో చూడటానికి వాడుతున్నారు. లైటు ఆర్పితే 433.92 దగ్గర రిమోట్ నొక్కినప్పుడల్లా నల్లటి తెర మీద తెల్లటి గీత. లైటు వేస్తే తెరంతా పొగమంచు, గీత ఎక్కడుందో వెతుక్కోవాలి.

మర్నాడు పొద్దున ఆ ఫ్లడ్ లైట్ దించి విప్పాను. కరెంటుని సెకనుకి వేల సార్లు తెంపి అతికే డ్రైవర్ అది, ఆ తెంపడం ఎంత పదునుగా ఉంటే అంత పైపైకి చిమ్ముతుంది శబ్దం. అది బయటికి రాకుండా కరెంటు లోపలికొచ్చే చోట ఒక చోక్, ఒక కెపాసిటర్ ఉండాలి. బోర్డు మీద చోక్‌కి చోటు ఉంది, తెల్లటి సిరాతో గడి కూడా గీశారు. గడి లోపల చోక్ లేదు, దాని బదులు రెండు చిన్న తీగ ముక్కలు వంచి టంకం పెట్టారు. కెపాసిటర్ చోట ఒట్టి రెండు రంధ్రాలు. ఎవరో డిజైన్ మాత్రం బుద్ధిగానే చేశారు, ఇంకెవరో లెక్కలు చూసుకుని తీసేశారు. పాత మానిటర్ తీగకి ఉండే నల్లటి ఫెరైట్ ముద్ద ఒకటి సొరుగులో దొరికితే (సొరుగుని తిట్టాను కానీ ఇది మాత్రం అందులోనే దొరికింది) తీగని మూడు చుట్లు చుట్టి చూశాను, మూడడుగులు ఎనిమిదడుగులైంది. గేటుకి ఎనిమిదడుగులు ఏ మూలకి?

వేరే లైటు కొన్నాం, ఈసారి కొట్లోనే వెలిగించి దాని పక్కన అమ్మ ట్రాన్సిస్టర్ పెట్టి చూసి కొన్నాం. కొట్టతను మమ్మల్ని ఎలా చూశాడో వేరే చెప్పక్కర్లేదు. మూడో లైటుకి గరగర రాలేదు, దాన్నే తెచ్చాం.

రిసీవర్ కూడా మార్చాను, ఎందుకంటే తప్పు లైటుదే అయినా ఈ చవక బోర్డు కూడా ఊరంత వెడల్పు చెవులేసుకుని కూర్చునే రకం. ఆర్‌ఎక్స్‌బీ6 అని సూపర్‌హెటిరోడైన్ బోర్డు దొరుకుతుంది, అది క్రిస్టల్ ఆధారంగా తనకి కావాల్సిన ఫ్రీక్వెన్సీ చుట్టుపక్కలే వింటుంది, ధర కాస్త ఎక్కువ, తేడా మాత్రం చాలా ఎక్కువ. ఐదు వోల్టులు ఇచ్చి నడిపితే దాని డేటా పిన్ను కూడా ఐదు వోల్టులే ఇస్తుంది, ఈఎస్‌పీ32 పిన్నులకి 3.3 దాటకూడదు, కాబట్టి మధ్యలో పది వేలు, ఇరవై వేల ఓముల రెసిస్టర్లు రెండు పెట్టి తగ్గించుకోవాలి. నేరుగా పెట్టినా పని చేస్తుందని చెప్పేవాళ్ళు చెప్తారు, చేస్తుంది, కొన్నాళ్ళు.

కొంతమంది ఈ కథ వినగానే "రిమోట్‌కి పవర్ పెంచొచ్చు కదా" అన్నారు. మన దేశంలో 433–434 మెగాహెర్ట్జ్ మధ్య లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు, కానీ పది మిల్లీవాట్లు దాటకూడదు. అది అటుంచి, ఆరుబయట లెక్కలో కూడా దూరం రెట్టింపు కావాలంటే పవర్ నాలుగింతలు పెంచాలి, అదే చుట్టూ ఉన్న మోత పదో వంతుకి తగ్గిస్తే ఊరికే మూడింతల దూరం వస్తుంది. పెళ్ళి పందిట్లో మాట వినపడకపోతే గొంతు చించుకోవడం కంటే బ్యాండువాళ్ళని కాసేపు ఆపమనడం మేలు కదా.

ఇంకో సంగతి, లాగ్ అంతా తిరగేస్తుంటే మావి కాని నంబర్లు కూడా కనపడ్డాయి. ఒకటి రోజూ పాలవాడు వచ్చే టైముకి వస్తోంది, ఎవరిదో వైర్‌లెస్ బెల్లు అయ్యుంటుంది. అంటే మా రిమోట్ నంబరు కూడా వీధిలో ఎవరికైనా అలాగే వినపడుతుంది, వింటే మళ్ళీ వదలొచ్చు కూడా, ఈ చిప్‌లలో నంబరు ఎప్పటికీ మారదు. లైట్లకి, మోటారుకి పర్లేదు. తలుపు తాళానికి మాత్రం ఈ రిమోట్‌లు వాడకండి, వాటికి నొక్కినప్పుడల్లా కోడ్ మారే రోలింగ్ కోడ్ రకాలు వేరే ఉన్నాయి. ట్యాంకులో కూడా ఒక ఫ్లోట్ స్విచ్చి వేయించాను, ఇక రిమోట్ విన్నా వినకపోయినా నిండితే ఆగుతుంది. ఆ పని రెండేళ్ళ కిందటే చేసుంటే వడియాలు ఎండేవి.

అన్నట్టు, మీది 433 కాకుండా జిగ్బీ (2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పలికే ఇంకో వైర్‌లెస్ పద్ధతి) రిమోట్ అయితే, దాని డాంగిల్‌ని రాస్ప్‌బెర్రీ పై వెనకున్న నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో నేరుగా గుచ్చారేమో ముందు చూడండి. ఆ పోర్టులే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మోత చేస్తాయని ఇంటెల్ వాళ్ళే 2012లో ఒక పేపర్ రాశారు. మీటరు ఎక్స్‌టెన్షన్ తీగతో దూరం జరిపి, నల్ల పోర్టుకి మార్చితే సగం మంది గోడు తీరుతుంది. అక్కడ కూడా జబ్బు అదే, పక్కనోడి అరుపు.

కొత్త లైటు వేశాక ఆ ఆదివారం సాయంత్రం ఆరుంబావుకి నాన్న గేటు బయట నిలబడి, పక్కింటాయన చూస్తుండగా, చెయ్యి కాస్త ఎత్తి మరీ నొక్కాడు. లోపల కాంటాక్టర్ టప్పుమంది. లోపలికొస్తూ "మన రిమోటు బానే ఉందిరా" అన్నాడు. నేను రాత్రి బస్సుకి హైదరాబాదు వచ్చేశాను, మూడు వారాలు లాగ్ చూడాల్సిన అవసరమే రాలేదు.

మొన్న గురువారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్. "ఏరా, నీ రిమోటు మళ్ళీ..."

లాగ్ తెరిచాను. గేటు లైటు పొద్దుగూకగానే వెలిగింది, దాని తర్వాత కూడా రిమోట్ నంబర్లు చక్కగా వచ్చాయి. ఎనిమిదిన్నర నుంచి ఏమీ లేవు. రెండు నిమిషాలు తెర వైపు చూసి, అప్పుడు అడిగాను.

"నాన్నా, ఆ పాత ఫ్లడ్ లైటు ఏం చేశావు?"

"ఏం చేస్తాను, బంగారం లాంటి లైటు, పారేస్తామా ఏంటి. పెరట్లో చీకటిగా ఉంటోందని ఇవాళే బిగించా."

వెనక నుంచి అమ్మ గొంతు: "రేడియో కూడా గరగరమంటోందని చెప్పండి వాడికి."